ఎంగిలిలో టెన్షన్ కొలత

ఈ ఆదివారం నాకిచ్చిన సమయంలో ఉమ్మి గురించి మాట్లాడదామనుకుంటున్నాను. సరిగ్గా భోజనాల వేళకి ఇదేం మాటండీ అని విసుక్కోకండి. మర్యాదగా లాలాజలం అందాం. ఆ లాలాజలంలో మన "టెన్షన్" ని కొలవడం ఎలా మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు, ఇప్పుడు ఎక్కడికి వచ్చింది అన్నది ఇవాళ్టి కథ. నేను డాక్టరుని కాదు. ఈ దేశానికి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చి, చదువయ్యాక రెడింగ్ దగ్గర కంప్యూటర్ కన్సల్టెంటుగా స్థిరపడ్డవాణ్ణి. మరి నాకెందుకు ఈ గొడవ అంటారా? దానికో కారణం ఉంది.

మా నాన్నగారు తెనాలిలో బ్యాంకు గుమాస్తా. యాభై ఆరో ఏట గుండెపోటుతో పోయారు. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే మాట అన్నారు: "టెన్షన్ పడి పడి పోయారండీ." ఈ టెన్షన్ అన్న మాట మన ఇళ్ళల్లో ఎంత వాడతామో మీకు తెలుసు. పిల్లల పరీక్షలకి టెన్షన్, వీసాకి టెన్షన్, అమ్మాయి ఫోను ఎత్తకపోతే టెన్షన్. ఇంజనీరింగు చదివినవాణ్ణి కాబట్టి నాకు ఒక పిచ్చి ప్రశ్న ఉండిపోయింది. అందరూ ఉందంటున్న ఈ టెన్షన్ ని ఎవరైనా కొలిచారా? కొలిస్తే దేంతో కొలిచారు?

2019లో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు ఉద్యోగం చేసేవాళ్ళ ఆరోగ్యం మీద పరిశోధనకి వాలంటీర్లు కావాలని అడిగితే, ఆ ప్రశ్న గుర్తొచ్చి పేరు ఇచ్చాను. వారం తిరిగేసరికి పోస్టులో ఒక పెట్టె వచ్చింది. అందులో పన్నెండు చిన్న ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కొక్క దాంట్లో చిన్న దూది చుట్ట, టైములు రాయడానికి ఒక కార్డు. రెండు రోజులపాటు రోజుకి ఆరుసార్లు దూదిని నోట్లో పెట్టుకుని నిమిషం నమిలి, గొట్టంలో వేసి మూత పెట్టాలి. పోస్టులో పంపేదాకా ఫ్రిజ్ లో ఉంచాలి. అప్పుడు మా అమ్మ ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. దోసెల పిండి గిన్నె పక్కన ఈ గొట్టాలు చూసి అడిగింది. చెప్పాను. "ఎంగిలి తీసుకొచ్చి ఫ్రిజ్ లో పెట్టావట్రా!" అని ఆవిడ చేసిన గొడవ ఇంతా అంతా కాదు. చివరికి గొట్టాలకి వేరే అర, దోసెల పిండికి వేరే అర అని రాజీ కుదిరింది. ఆ గొట్టాల్లో నేను చేసిన తప్పు ఒకటుంది. అది చివర్లో చెబుతాను.

భయానికీ ఉమ్మికీ సంబంధం ఉందని మనవాళ్ళకి పాతకాలం నుంచీ తెలుసు. భయపడితే "నోరెండిపోయింది" అంటాం. మన ధర్మశాస్త్రాల్లో నేరం తేల్చడానికి "దివ్యాలు" అని కొన్ని పరీక్షలు ఉండేవి. బృహస్పతి స్మృతిలో చెప్పిన తొమ్మిది దివ్యాల్లో తండుల దివ్యం ఒకటి. దొంగతనం చేశాడని అనుమానం వచ్చినవాడి చేత బియ్యం నమిలించి ఆకు మీద ఉమ్మించేవారు. అందులో నెత్తురు కనిపించినా, మనిషి వణికినా దోషి అన్నమాట. ఎండిపోయిన నోటితో పొడి బియ్యం నమిలితే చిగుళ్ళు గీసుకోవా మరి! పాపం, నిర్దోషి అయినా భయస్తుడైతే వాడి పని అయిపోయినట్టే. అయితే నోరెండటం నరాల పని, క్షణాల్లో జరిగిపోతుంది. నేను చెప్పబోయేది నిమిషాల మీద నడిచే ఇంకో వ్యవహారం.

మన మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి. అధివృక్క గ్రంథులు అంటారు, ఇంగ్లీషులో ఎడ్రినల్స్. మాంట్రియాల్ లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో హాన్స్ సెల్యే అనే యువ శాస్త్రవేత్త ఎలకల మీద పని చేస్తూ ఒక వింత చూశాడు. ఎలకకి ఏ హాని చేసినా, చలిలో పెట్టినా, గాయం చేసినా, విషపు మందు ఎక్కించినా, లోపల కోసి చూస్తే అవే మూడు మార్పులు. ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బుతాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది, కడుపులో పుళ్ళు పడతాయి. ఈ సంగతి 1936 జులైలో నేచర్ పత్రికలో ఒక చిన్న ఉత్తరంగా అచ్చయింది. "స్ట్రెస్" అన్న మాట తర్వాత లోకమంతా పాకడానికి ముఖ్య కారకుడు ఈయనే.

మరి ఆ గ్రంథులు ఊరిస్తున్నదేమిటి? అమెరికాలో మేయో క్లినిక్ లో ఎడ్వర్డ్ కెండాల్, స్విట్జర్లండులో రైక్‌స్టైన్ విడివిడిగా పశువుల గ్రంథుల నుంచి ఒక్కొక్క పదార్థాన్నీ వేరు చేశారు. కెండాల్ వాటికి ఎ, బి, ఇ, ఎఫ్ అని అక్షరాలు పెట్టుకున్నాడు. "ఇ" కార్టిసోన్. 1948 సెప్టెంబరులో ఫిలిప్ హెంచ్ దాన్ని కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒకావిడకి ఇస్తే రోజుల్లో లేచి నడిచింది. 1950లో ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. "ఎఫ్" మన కథానాయకుడు, కార్టిసాల్. మీ ఇంట్లో దురదకి రాసుకునే హైడ్రోకార్టిసోన్ మలాములో ఉన్నది కూడా ఇదే.

కార్టిసాల్ ని చెడ్డదనుకోకండి. అది లేకపోతే మనిషి బతకడు. ఆపదలో రక్తంలోకి చక్కెర అందిస్తుంది, వాపుని అదుపులో పెడుతుంది. దానికో దినచర్య ఉంది. తెల్లవారుజాము నుంచి పెరుగుతుంది, నిద్ర లేచిన అరగంటలో ఇంకా ఎగబాకుతుంది, సాయంత్రానికి దిగుతుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది.

పదార్థం దొరికింది సరే, దాన్ని కొలవడమెలా? 1950లో పోర్టర్, సిల్బర్ అనే ఇద్దరు ఒక రసాయనం కలిపితే వచ్చే పసుపు రంగుని బట్టి ఈ జాతి హార్మోన్లని లెక్కించే పద్ధతి చెప్పారు. దాన్ని మూత్రానికి వాడాలంటే ఇరవై నాలుగు గంటల మూత్రం జాడీలో పట్టాలి. రోజు మొత్తం మీద ఎంత వచ్చిందో తెలుస్తుంది గాని, ఉదయం ఎంత, సాయంత్రం ఎంత అన్నది తెలియదు. రక్తం తీద్దామా అంటే సూది. సూది చూస్తేనే కొందరికి కార్టిసాల్ పెరుగుతుంది! నిద్రపోతున్నవాణ్ణి లేపి "హాయిగా నిద్ర పట్టిందా?" అని అడిగినట్టు. కొలిచే పనే కొలతని పాడు చేస్తోంది.

ఇక్కడ న్యూయార్కుకి వెళ్దాం. అక్కడి బ్రాంక్స్ లో మాజీ సైనికుల ఆసుపత్రిలో రోజలిన్ యాలో అనే భౌతిక శాస్త్రవేత్త, చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకునే చిన్న గదిని ప్రయోగశాలగా మార్చుకుంది. డాక్టర్ సాలమన్ బెర్సన్ తో కలిసి 1960 నాటికి రక్తంలోని ఇన్సులిన్ ని కొలిచే పద్ధతి కనిపెట్టింది. దాని పేరు రేడియో ఇమ్యునో ఎస్సే. పేరు చూసి భయపడకండి. ఒక బస్సులో ఇరవై సీట్లున్నాయనుకోండి. ఎర్ర చొక్కాలు వేసిన ఇరవై మందిని మనమే పంపించాం. వాళ్ళతోపాటు ఎంతమందో తెలియని తెల్ల చొక్కాల జనం కూడా ఎగబడ్డారు. చివర్లో సీట్లు దొరికిన ఎర్ర చొక్కాలని లెక్కపెడితే, తెల్ల చొక్కాలవాళ్ళు ఎంతమంది వచ్చారో అంచనా కట్టొచ్చు. సీట్లు ప్రతిరక్షకాలు, ఎర్ర చొక్కా రేడియోధార్మికత, తెల్ల చొక్కాలు మనం కొలవాలనుకున్న హార్మోను. ఈ పద్ధతికి వాళ్ళు పేటెంటు తీసుకోలేదు, ప్రపంచమంతా వాడుకోనిచ్చారు. బెర్సన్ 1972లో పోయాడు. 1977లో యాలోకి నోబెల్ వచ్చింది.

ఇది ఎంత సూక్ష్మమో చెబుతాను. ఉదయం పూట ఒక మిల్లీలీటరు లాలాజలంలో ఉండే కార్టిసాల్ కొద్ది నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. యాలో పద్ధతి వచ్చాక అంత చిన్న మోతాదు కూడా లెక్కకి అందింది.

ఇక మా బ్రిటన్ వంతు. వేల్స్ రాజధాని కార్డిఫ్ లో 1943లో పదిమంది స్నేహితులు కలిసి ఒక ధర్మసంస్థ పెట్టారు. "మనం పదిమందిమి" అని అర్థం వచ్చేలా టెనోవస్ అని పేరు పెట్టుకున్నారు. తర్వాత వాళ్ళ డబ్బుతో అక్కడ ఒక క్యాన్సర్ పరిశోధన సంస్థ వెలిసింది. ఆ సంస్థలో పనిచేసే వాకర్, రియాద్-ఫాహ్మీ, రీడ్ అనే ముగ్గురు 1978లో ఒక వ్యాసం ప్రచురించారు. లాలాజలంలోని కార్టిసాల్ ని నేరుగా రేడియో ఇమ్యునో ఎస్సేతో కొలిచి, ఎడ్రినల్ గ్రంథులు ఎలా పనిచేస్తున్నాయో చెప్పొచ్చు అని దాని సారాంశం. అంతకుముందు అమెరికాలో చెవి కింది గ్రంథి నుంచి లాలాజలం పట్టి ఇలాంటి ప్రయత్నాలు చేసినవాళ్ళు ఉన్నారు. కార్డిఫ్ వాళ్ళ పనితో అది మామూలు ఉమ్మితో, మామూలు మనుషులతో జరిగే పని అయింది.

అసలు రక్తంలో ఉండాల్సిన హార్మోను నోట్లోకి ఎలా వచ్చింది? రక్తంలోని కార్టిసాల్ లో తొంభై శాతం పైన ప్రోటీన్లని పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. మిగిలిన కాస్తే స్వేచ్ఛగా తిరుగుతుంది. శరీరంలో పని చేసేది ఆ కాస్తే. అది కొవ్వులో కరిగే చిన్న అణువు కాబట్టి లాలాజల గ్రంథుల కణాల గోడల్లోంచి ఇటు జారిపోతుంది. అందుకే నోట్లో ఉమ్మి ఎక్కువ ఊరినా తక్కువ ఊరినా దాని సాంద్రత పెద్దగా మారదు. అంటే పనికిమాలినదని ఉమ్మేసేదాంట్లో అసలు పనిచేసే సరుకే కనిపిస్తోందన్నమాట. ఒక తిరకాసు లేకపోలేదు. లాలాజల గ్రంథిలోని ఒక ఎంజైము కార్టిసాల్ లో కొంత భాగాన్ని కార్టిసోన్ గా మార్చేస్తుంది. కాబట్టి రెంటినీ వేరు చేసి చూపగల మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రాలు వచ్చాక కొలతలు ఇంకా మెరుగుపడ్డాయి.

సూది అక్కర్లేదనేసరికి మనస్తత్వ శాస్త్రవేత్తలకి పండగ వచ్చినట్టయింది. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో కిర్ష్‌బామ్, పిర్కె, హెల్‌హామర్ 1993లో ఒక పరీక్ష తయారు చేశారు. మనిషికి కాస్త సమయమిచ్చి, మొహంలో ఏ భావమూ లేకుండా కూర్చున్న పరీక్షకుల ముందు ఐదు నిమిషాలు ఉద్యోగం కోసం మాట్లాడమంటారు. తర్వాత 1022 లోంచి 13 తీసేస్తూ పొమ్మంటారు. 1009, 996, 983... తప్పు చెబితే మళ్ళీ 1022 నుంచి మొదలు. ఆ తర్వాత మధ్యమధ్య ఉమ్మి తీసి చూస్తే కార్టిసాల్ చాలామందిలో రెండింతలు, అంతకంటే ఎక్కువ కూడా అయింది. క్యాంపస్ ఇంటర్వ్యూలు దాటి వచ్చిన మనకి దీని గురించి వేరే చెప్పాలా!

2004లో డికర్సన్, కెమెనీ అనే ఇద్దరు ఇలాంటి 208 ప్రయోగాలని కలిపి చూశారు. కార్టిసాల్ ని అన్నిటికంటే ఎక్కువ పెంచినవి రెండు కలిసిన సందర్భాలు. ఒకటి, ఫలితం మన చేతిలో లేకపోవడం. రెండు, ఎదుటివాళ్ళు మనల్ని తూకం వేస్తున్నారన్న భావన. అంటే మన భాషలో "నలుగురూ ఏమనుకుంటారో!" ఆ మాట వెనక ఎంత కార్టిసాల్ ఉందో మన అమ్మమ్మలకి ఎవరూ చెప్పలేదు గాని, వాళ్ళకి తెలిసే ఉంటుంది. మన పక్కనే మైసూరులో హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో 1997, 98 ప్రాంతంలో పుట్టిన పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తున్న పరిశోధకులు, ఆ పిల్లలు పదమూడు పద్నాలుగేళ్ళవాళ్ళయ్యాక ఇదే ట్రియర్ పరీక్షని పిల్లలకి తగ్గట్టు పెట్టి, వాళ్ళ లాలాజలం కూడా తీసి చూశారు. గర్భంలో ఉన్నప్పటి పరిస్థితికీ పెద్దయ్యాక ఒత్తిడికి శరీరం స్పందించే తీరుకీ సంబంధం ఉందా అన్నది వాళ్ళ ప్రశ్న.

ఇక మా నాన్నగారి ప్రశ్నకి దగ్గరగా వచ్చినది లండన్ గుమాస్తాల కథ. 1967లో బ్రిటిష్ ప్రభుత్వ ఉద్యోగుల మీద వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. అట్టడుగు స్థాయి ఉద్యోగుల్లో గుండెజబ్బు మరణాలు పై అధికారుల్లో కంటే సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. సిగరెట్లూ రక్తపోటూ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా మొత్తం పోలేదు. 1985లో మైకేల్ మార్మట్ నాయకత్వంలో 10,308 మందితో రెండో వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. 2002, 2004 మధ్య వాళ్ళలో వేలమందికి నాకొచ్చినట్టే గొట్టాలు ఇచ్చారు. లేవగానే ఒకటి, అరగంటకి ఒకటి, పడుకునేముందు ఒకటి, ఇలా రోజుకి ఆరు. 2011లో వచ్చిన ఫలితాల్లో, సుమారు ఆరేళ్ళపాటు గమనించిన నాలుగు వేల పైచిలుకు మందిలో, ఉదయం నుంచి రాత్రికి కార్టిసాల్ దిగాల్సినంత దిగనివాళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఇది వేలమందిని కలిపి చూస్తే కనిపించే పోలిక మాత్రమే. ఫలానా మనిషి ఫలానా టెన్షన్ వల్ల పోయాడని ఇది చెప్పదు. మా నాన్నగారి గురించి కూడా చెప్పదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.

ఇప్పుడు నా తప్పు సంగతి. మొదటి రోజు పొద్దున్న ఆరున్నరకి అలారం మోగింది. కళ్ళు తెరవగానే దూది నోట్లో పెట్టుకోవాలి. నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఆఫీసులో రాత్రి పెట్టిన ప్రోగ్రాము ఏదో ఆగిపోయిందని గోల. దానితో కుస్తీ పట్టి, గొట్టం సంగతి గుర్తొచ్చేసరికి ఏడుంబావు. గబగబా దూది నమిలేసి, కార్డు మీద మాత్రం "6:30" అని రాశాను. రెండోది ముప్పావు తక్కువ ఎనిమిదికి కాదు గాని, సరిగ్గా ఏడూ నలభై అయిదుకి తీసి "7:00" అని రాశాను. కార్డు మీద చక్కటి లెక్క! టేబులు తుడుస్తూ అమ్మ ఆ కార్డు చూసింది.

"ఆరున్నరకి నువ్వు ఫోన్లో అరుస్తున్నావు కదరా? దూది నమిలింది నేను కాఫీ కలిపాక కదూ?"

"ముప్పావుగంటేగా అమ్మా, ఏం కాదులే."

"మీ నాన్న బ్యాంకులో రూపాయి తేడా వచ్చినా అది దొరికేదాకా రాత్రి ఎంతైనా ఇంటికొచ్చేవారు కాదు" అని ఊరుకుంది.

ఆ ముప్పావుగంట ఏం చేస్తుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో కార్టిసాల్ సాధారణంగా సగానికి పైగా పెరుగుతుందని 1997లో ప్రూస్నర్, ఆయన సహచరులు చూపించారు. ఆ ఎక్కడం చూడాలంటే మెట్ల కింద ఒకసారి, మెట్ల మీద ఒకసారి కొలవాలి. నేను రెండూ మెట్ల మీదే కొలిచి, మొదటిది కిందనే కొలిచానని సంతకం పెట్టాను. పరిశోధకులకి నేను అసలు మెట్లే ఎక్కని మనిషిలా కనిపిస్తాను. వేలమందిలో నాలాంటివాళ్ళు వందలమంది ఉంటే? జబ్బు లేనిచోట జబ్బు, ఉన్నచోట ఆరోగ్యం కనిపిస్తాయి.

నాలాంటివాళ్ళు ఉన్నారని వాళ్ళకి ముందే తెలుసు. 2003లో కుడీల్కా, బ్రోడరిక్, కిర్ష్‌బామ్ సీసా మూత ఎప్పుడు తెరిచారో రాసుకునే ఎలక్ట్రానిక్ పరికరం పెట్టి చూశారు. కార్డు మీద ఒక టైము, మూతలో ఇంకో టైము! సమయం పాటించనివాళ్ళ ఉదయపు పెరుగుదల నిజంగానే చదునుగా వచ్చింది. 2016లో నిపుణులు కలిసి రాసిన మార్గదర్శకాల్లో, ఇంట్లో తీసే నమూనాల టైము పరికరంతో సరిచూసుకోవాలని చెప్పారు.

నేను రెండు రోజులు ఆలోచించి పరిశోధకులకి ఫోను చేశాను. తిడతారనుకున్నాను. ఫోనెత్తిన అమ్మాయి, "ఆలస్యమైతే ఫరవాలేదండీ, అసలు టైము చెప్పండి. ఆలస్యమైన నమూనాతో ఏదో ఒకటి చేసుకుంటాం, తప్పు టైముతో ఏమీ చేయలేం" అంది. చెప్పాను. ఇంకో రోజుకి కొత్త గొట్టాలు పంపారు. ఈసారి అమ్మే అలారంలా వచ్చి, గొట్టం తనే చేతికి అందించింది. ఎంగిలని అనలేదు.

ఒక మాట చెప్పి ముగిస్తాను. ఇంటర్నెట్ లో డబ్బు కట్టించుకుని ఉమ్మి పరీక్ష చేసి "మీ ఎడ్రినల్స్ అలసిపోయాయి" అని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఎడ్రినల్ అలసట అనే జబ్బుని ఎండోక్రైన్ వైద్యుల సంఘాలు గుర్తించలేదు. ఒక్క గొట్టంతో ఒక మనిషి టెన్షన్ తేలదు. డాక్టర్లు నిజంగా వాడే చోటు వేరే ఉంది. కుషింగ్ జబ్బు అనుమానం ఉన్నప్పుడు అర్ధరాత్రి వేళ లాలాజలంలో కార్టిసాల్ తగ్గిందా లేదా అని, కనీసం రెండుసార్లు చూస్తారు. 2008 నుంచీ అది మొదట చేయదగ్గ పరీక్షల్లో ఒకటి.

పాత రోజుల్లో ఉమ్మిలో నెత్తురు కనిపిస్తే మనిషిని దోషి అన్నారు. ఇవాళ నెత్తురు కలిస్తే ఆ నమూనానే పక్కన పెడతారు, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చి ఉంటుంది, కొలత తప్పుతుంది అని. తప్పు మనిషిది కాదు, కొలతది కావచ్చునని అనుకోవడం నేర్చుకున్నాం. ఆ మర్యాద వాళ్ళు మనకిచ్చారు కాబట్టి, మనమూ వాళ్ళకి ఒకటి బాకీ ఉన్నాం. మీ ఇంటికి ఇలాంటి పెట్టె ఎప్పుడైనా వస్తే, మీకు వీలైతే తప్పకుండా పాల్గొనండి. పరిశోధనల్లో మనవాళ్ళు లేకపోతే వాటి ఫలితాలు మనవాళ్ళకి ఎంతవరకు సరిపోతాయో ఎవరికీ తెలియదు. పాల్గొంటే మాత్రం కార్డు మీద అసలు టైమే రాయండి. దోసెల పిండికి దూరంగా పెట్టండి.